గొంతు కింద చెయ్యి

మా వికారాబాదు ఇంటికి పాలు పోసే గొల్లామె నీళ్లు తాగేటప్పుడు ఎప్పుడూ గొంతు పట్టుకునేది. అక్కడ మారేడుకాయంత వాపు. దాని కింద ఎడమ అరచెయ్యి ఆనించి, గుక్కగుక్కకూ ఆగుతూ తాగేది. నేను కొత్తగా కాపురానికి వచ్చిన రోజులవి. నొప్పేమో అనుకుని ఒకనాడు అడిగాను.

వాకిట్లో కూర్చున్న కూతురిని చూపించింది. పుట్టు చెవిటి, మాట రాని పిల్ల.

"గీ బిడ్డ కడుపులున్నప్పుడే నాకు గిది లేసిందమ్మా. దాని మాటలన్ని గిండ్లనే, గీ గొంతులనే ఆగినయ్. నీళ్లతోని లోపలికి జారిపోతే ఎట్ల? గొర్రెలకు పెట్టినట్టు వాత పెడ్తమన్నరు. ఒద్దన్న. మాటలు కాలిపోవా?"

తాండూరు డాక్టరు మా ఊరికొచ్చిన రోజున తల్లీకూతుళ్లను నేనే తీసుకుపోయాను. ఆయన ఇద్దరినీ చూసి నెమ్మదిగానే చెప్పాడు.

"ఒంటికి అయోడిన్ అని ఒకటి కావాలె. మీ తిండిల, నీళ్లల్ల అది చాలక నీ గొంతు వాచింది. కడుపుల ఉన్న బిడ్డకు గూడ అందలే. దాని చెవులు, మాట అప్పుడే పోయినయ్."

"గిప్పుడు మందు తాగుత సారూ. బిడ్డకు మాటలొస్తయా?"

"రావమ్మా."

"మరి గిండ్ల ఆగిన మాటలు?"

ఆయనకు అర్థం కాక నా వైపు చూశాడు. నేను పిల్ల చెయ్యి పట్టుకుని లేచాను.

ఇంటికొచ్చాక చెంబుతో నీళ్లిచ్చాను. అలవాటుగా లేచిన ఆమె ఎడమ చెయ్యి సగంలోనే ఆగి, ఒళ్లో పడిపోయింది. చెంబెత్తి గటగటా తాగసాగింది.

అది చూసి ఆ పిల్ల గబుక్కున లేచి వచ్చి, తల్లి గొంతు కింద తన చెయ్యి పెట్టింది.