చిటికెడు కొసరు

ఇది ఎవరికీ చెప్పలేదు. ఏళ్లుగా మోస్తున్నాను. తూస్తే చిటికెడు మందుపొడి, అంతే. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

సౌదీలో బురైదా దగ్గర ఖర్జూరం తోటలో నా పని. మాకు వీసా ఇచ్చిన యజమానిని ఇక్కడ కఫీల్ అంటారు; ఆయన తండ్రికి పాత బర్మారు తుపాకీ ఒకటుంది. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డ చుట్టిన సీసం గుండు దట్టించి కాల్చేది. చలికాలం వేటకు ముందు, ఏ గుండుకు ఎంత మందు పోస్తే గురి కుదురుతుందో చూద్దామన్నాడు పెద్దాయన. గుండ్లు పోత పోసింది యాకూబ్. మదనపల్లె మనిషి, నా గదిలోనే ఉండేవాడు. మందు కొలిచి పోసింది నేను.

ఏ గుండు మార్చినా, ఏ కొలత మార్చినా గురి నిలవలేదు. ఒకటి గురికోసం నిలబెట్టిన రేకు పైఅంచున తగిలితే ఇంకొకటి కింద ఇసుకలో పడేది. గుండ్లు సమంగా లేవని పెద్దాయనకు కోపమొచ్చింది. యాకూబ్‌ను తోట పని మాన్పించి ఎడారిలో గొర్రెల వెంట పొమ్మన్నాడు.

గుండ్లది కాదు తప్పు. మా అమ్మ ఊళ్లో పాలు అమ్మేది. కొలత నిండాక కాస్త కొసరు పోయనిదే ఆమె చెయ్యి వెనక్కి వచ్చేది కాదు. అసలు కంటే కొసరు ముద్దురా అనేది. ఆ చెయ్యే నాకూ వచ్చింది. కొలత పోశాక పైన చిటికెడు మందు వేసేవాణ్ని, ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. కావాలని చేశానా? లేదు. మరి యాకూబ్ బ్యాగు సర్దుకుంటున్నప్పుడు? అప్పటికి తెలిసింది. మందు డబ్బా మూసేటప్పుడు నా వేళ్ల కొసలు నల్లగా కనిపించాయి. చెబితే గొర్రెల వెంట పోయేది నేను. ఆ ఎండా, పలకరించే మనిషి లేని ఆ చోటూ తలుచుకుని నోరు మూసుకున్నాను.

“గుండ్లు నేనే పోసినాను గదన్నా, తప్పు నాదే ఉంటాది. నువ్వు మనసు కష్టపెట్టుకోవద్దు,” అన్నాడు యాకూబ్.

“పైలం యాకూబూ,” అన్నాను.

మర్నాడు అతను పోసిన గుండ్లనే, కొసరు లేకుండా దట్టించాను. అన్నీ ఒకచోటే తగిలాయి. మంచివి ఏరి ఇచ్చావంటూ పెద్దాయన నా భుజం తట్టాడు. అప్పుడూ చెప్పలేదు. ఏం మనిషిని నేను?

తర్వాత నాకు కామెర్లొచ్చి మంచాన పడితే, యాకూబే పెద్దాయనను బతిమాలి తోటకొచ్చాడు. ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నేను లేచి తిరిగేదాకా గంజి కాచి తాగించాడు. ఈరోజు నేను ఊపిరి పీలుస్తున్నానంటే ఆ చేతి చలవే. రుణపడ్డవాడికి నిజం చెప్పడం తేలికవుతుందనుకున్నాను కానీ, అతను మంచి చేసేకొద్దీ నా మాట ఇంకా లోపలికి పోయింది.

నేను కోలుకున్నాక మళ్లీ గొర్రెల దగ్గరికే పోయాడు; ఇప్పటికీ శుక్రవారం జుమ్మా నమాజుకు ఇటు వస్తే నాకు గొర్రెపాలు తెస్తాడు. నా గిన్నె నిండినా ఆగడు, ఇంకాస్త పోస్తాడు. అంత ప్రేమగా నాకు పోసేవాళ్లు ఈ దేశంలో ఇంకెవరూ లేరు. కళ్లు దించుకుని తాగుతాను.

అతనికి ఇంకా చెప్పలేదు. మీకు చెప్పేసరికి గుండె కాస్త తెరిపిన పడింది. యాకూబ్ పోసిన గుండ్లు బాగానే ఉన్నాయి. ఆ చిటికెడు నాది.