వెన్న పక్కన పెన్సిలిన్

అమెరికాలోని మోంటానాలో మా పక్క పశువుల రాంచ్ ఆర్విడ్‌ది. ఏటా మే నెలలో దూడలకు కాల్చిన ఇనుముతో ముద్రలు వేసి, టీకాలు పొడిచే రోజున ఇరుగుపొరుగంతా చేరేవాళ్ళం. టీకా సూది మాత్రం అతను ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. "జబ్బొచ్చాక పరిగెత్తడం కాదు, రాకముందే పొడవాలి," అనేవాడు.

భార్య సోల్వెగ్‌కు దగ్గు వస్తే పశువుల కోసం తెచ్చిన పెన్సిలిన్నే పొడిచేవాడు. కాస్త తగ్గగానే ఆపేసి, మిగిలింది ఫ్రిజ్‌లో వెన్న పక్కన దాచేవాడు. న్యుమోనియా టీకా వేయించుకోమని నర్సు చెబితే, "నన్నూ మందలో కలిపేశావా తల్లీ?" అని నవ్వింది సోల్వెగ్. అతనూ నవ్వాడు.

పోయిన చలికాలం దగ్గు ఆమె ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఎప్పటిలాగే సూది పొడిచాడు. జ్వరం కదల్లేదు. మంచు తవ్వుకుంటూ ఆసుపత్రికి చేర్చేసరికి ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఈ క్రిమి పెన్సిలిన్‌కి లొంగడం లేదండీ. టీకా ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో," అన్నాడు డాక్టరు. సోల్వెగ్ ఇంటికి తిరిగి రాలేదు.

మేలో ఆర్విడ్ మళ్ళీ దూడల మధ్య నిలబడ్డాడు. సాయంత్రం మా అమ్మాయి అడిగింది: "ఎవరికీ టీకా తప్పిపోలేదు కదా తాతా?"

"దూడల్లోనా?" అన్నాడు, ఖాళీ సూదిని చూసుకుంటూ. "ఒక్కదానికీ తప్పలేదమ్మా."