ఎర్రదీపానికి కొబ్బరికాయ

ఆ రోజుల్లో మా వైపు యంత్రానికి జబ్బు చేస్తే కబురు ముందు దేవుడికి, తర్వాత మేస్త్రికి, ఆ ఇద్దరివల్లా కాకపోతే ఇంజనీరుకి వెళ్ళేది. ఇప్పుడు ఏదో మీట నొక్కితే జబ్బు పేరు తెర మీద పడుతోందట. మంచిదే. కానీ అరవైల చివర్లో, పాతపట్నం దగ్గర కాలువ పనిలో నేను నడిపిన పసుపుపచ్చ బుల్డోజరు జబ్బు మాత్రం ఏ మీటకీ అంతుచిక్కేది కాదని నా నమ్మకం. (నా నమ్మకాల విలువెంతో మా ఆవిడనడగండి, తీరిగ్గా చెబుతుంది.)

నాకప్పుడు మీసం కొత్త, ఉద్యోగం అంతకంటే కొత్త, అదీ టెంపరరీ. బండి తిరిగినన్నాళ్ళే నౌకరీ. నరసన్నపేటలో కొబ్బరికాయల వ్యాపారం చేసే మా మేనమామ, కూతుర్ని నాకే ఇస్తానని చిన్నప్పటినుంచీ అంటున్నాడు కానీ, ముహూర్తం పెట్టేముందు బండిని చూసి తీరాలన్నాడు. ("పిల్లాడ్ని పుట్టినకాణ్ణించి సూస్తన్నాం, కొత్తగా సూసీదేటున్నాది, బండినే సూడాల" అన్నాడట మా అమ్మతో.) అన్నట్టే ఒక ఉదయం బస్సు దిగి, భుజాన గోనెసంచితో గట్టెక్కి వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "దీనికి పొట్టెక్కడరా అల్లుడా?" అనడిగాడు. ఇంజను చూపించాను. సంచిలోంచి కాయ తీసి ఆ ఇంజను పక్కనున్న ఇనుము మీదే కొట్టి, నీళ్ళన్నీ అక్కడే పోసి, కళ్ళు మూసుకుని దండం పెట్టాడు. నేనూ పెట్టాను. ఎక్కి స్టార్టు చేస్తే నా ఎదురుగా ఎర్రదీపం వెలిగింది.

ఇంజనులో ఆయిల్ సరిగ్గా తిరగకపోతే వెలిగే దీపమది. వెలిగిందంటే ఆ క్షణమే ఆపెయ్యాలి, లేకపోతే ఇంజను పట్టేస్తుంది. మా మేస్త్రి (చెవి సందున ఎప్పుడూ ఒక బీడీ ఉండేది, దాన్ని వెలిగించగా నేనెన్నడూ చూడలేదు) పరిగెత్తుకొచ్చి, "కట్టీ, ముందు కట్టీ" అన్నాడు. ఆపేశాను. ఆయిల్ చూస్తే నిండుగా ఉంది. గొట్టాలన్నీ తడిమితే ఎక్కడా కారడం లేదు. మేమిలా వెతుకుతూ ఉండగానే ఎండ ముదిరింది. చివరికి మళ్ళీ స్టార్టు చేస్తే దీపం లేదు. మావయ్య మొహం విచ్చుకుంది.

"సూసినావా కాయ మహిమ?"

"కాయ కొట్టాకే కదా మావా దీపం ఎలిగింది?"

"మరే. లోపలున్న దిష్టి బయటికొచ్చినాది. ఎలిగి ఆరినాదంటే ఎల్లిపోయినాదని."

 పిల్లనిచ్చేవాడితో ఎవరు వాదిస్తారు? ఆ మర్నాటినుంచి ఆయన రోజూ మొదటి బస్సుకే వచ్చి కాయ కొట్టడం, దీపం వెలగడం, మేం బండి ఆపి ఆయిల్ చూడడం, పొద్దెక్కేసరికి దీపం ఆరిపోవడం మామూలైపోయింది. మేస్త్రికి కూడా గురి కుదిరిపోయి, "మీ మావ సేతి కాయకే ఆరతాదిరా. ఇంకోడు కొడితే ఫలముండదు" అనేవాడు. కాలువ మాత్రం పూటపూటకీ వెనకబడుతోంది. సంగతి పైదాకా వెళ్ళి పెద్ద ఇంజనీరు వచ్చాడు. చల్లగా మాట్లాడే మనిషి. "సోమవారం వస్తానయ్యా. ఆ రోజు కూడా వెలిగితే దీన్ని విశాఖపట్నం వర్క్‌షాపుకి పంపించేద్దాం" అని చల్లగానే వెళ్ళిపోయాడు. బండి పోతే నేను పోతాను, నేను పోతే పిల్ల పోతుంది. మావయ్య కూడా దాచుకోలేదు. "బండి మీద కూకున్నోడికి పిల్లనిస్తానన్నాను గానీ, ఇంట్లో కూకున్నోడికి కాదు అల్లుడా" అన్నాడు. అని, సోమవారానికి బుట్టెడు కాయలు, అన్నీ పెద్దవే, ఏరి పక్కన పెట్టాడు. 

సోమవారం మావయ్య బుట్ట లేకుండా వచ్చాడు. వచ్చినవాడు బండి దగ్గరికి రాకుండా దూరంగా గట్టు మీదే ఆగిపోయాడు. చేతులు వెనక్కి కట్టుకుని, ఏడుపు మొహంతో, "మా పెదనాన్న కొడుకు పోయినాడంట. మైల. నాను కాయ ముట్టకూడదు" అన్నాడు. అన్న పోయిన దుఃఖం ఎంతో, కాయ కొట్టలేకపోయిన దుఃఖం ఎంతో ఆ మొహంలో విడదీయడం కష్టం. ఇంకొకరు కొడితే ఫలముండదు కనుక మేస్త్రి కూడా ముట్టలేదు. పెద్ద ఇంజనీరు పక్కన నిలబడి, "కానివ్వు" అన్నాడు. బడిలో పద్యం మొదటి ముక్క మరిచిపోయినవాడిలా దీపం వంకే చూస్తూ స్టార్టు చేశాను.

దీపం వెలగలేదు. మట్టి తోశాను, వెలగలేదు. ఎండెక్కింది, వెలగలేదు. "బాగానే ఉందిగా" అని పెద్ద ఇంజనీరు జీపెక్కి వెళ్ళిపోయాడు. గట్టు మీదనుంచి మావయ్య గొంతు వినిపించింది. "నిన్న కొట్టిన కాయ ఇయ్యాల్టికి పని సేసినాదిరా."

కాయ లేని రోజే దీపమూ లేదన్న సంగతి అప్పుడు తట్టింది నాకు. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక, మేస్త్రి గుడిసెలో మిగిలిన కాయ ఒకటి పగలగొట్టి, ఇంజను పక్కన నీళ్ళు పోసి చూశాను. దీపం వెలిగింది. దీపానికి వెళ్ళే తీగ అక్కడే, ఆయిల్ ఒత్తిడి కనిపెట్టే ఒక చిన్న బిళ్ళకి తగిలించి ఉంది. దాని మీది రబ్బరు తొడుగు ఎప్పుడో ఊడిపోయింది. ఉప్పదనమున్న కొబ్బరినీళ్ళు తీగనీ ఇనుమునీ కలిపేస్తుంటే, ఆయిల్ లేదనుకుని పాపం దీపం వెలుగుతోంది. ఎండకి తడి ఆరగానే అదీ ఆరుతోంది. తుడిచి, సైకిల్ ట్యూబు ముక్క చుట్టేశాను. చాలాసేపు ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను.

మావయ్యకి చెప్పలేదు. మైల తీరి మళ్ళీ కాయతో వచ్చినప్పుడు, "దిష్టి ఎదురుగా వస్తాది మావా, ముందర రాయి మీద కొట్టు" అన్నాను. "నిజమేరా" అని మెచ్చుకున్నాడు. ఆ నెలలోనే ముహూర్తం పెట్టాడు. కాయ కొట్టడం వల్లే ఆ పెళ్ళి జరిగిందని ఆయన, కొట్టకపోవడం వల్ల జరిగిందని నేను, ఎవరి నమ్మకం వాళ్ళు పెట్టుకుని ఒకే అరుగు మీద ఏళ్ళతరబడి కాలక్షేపం చేశాం. పెళ్ళికి వచ్చినవాళ్ళందరికీ తన కాయలే బండిని కాపాడాయని ఆయన చెబుతుంటే, పీటల మీదనుంచే తల ఊపాను.

ఆయన పోయి చాలాకాలమైంది. మొన్న మావాడు కారు కొంటే మా ఆవిడ నా చేతికి కాయ ఇచ్చింది. అలవాటుగా దూరంగా రాయి వెతుక్కుని కొట్టాను. చిప్పలో కాసిని నీళ్ళు మిగిలాయి. ఇంజను మూత తెరిచే ఉంది. ఎవరూ చూడకుండా చిప్ప పట్టుకుని అక్కడికి వెళ్ళి, ఇంజను మీద పోయబోయి, ఆ నీళ్ళు నేనే తాగేశాను. దీపం ఒక్కసారి వెలిగితే బాగుండుననిపించింది, గట్టు మీద మావయ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంటే.