బాతులు తినని గుర్తు

మాస్టారు పోయారన్న కబురు నాకు బెజవాడ ఆటోనగర్‌లో, మా లారీ స్పేర్ పార్టుల షాపులో, బేరం మధ్యలో తెలిసింది. ఫోన్ చేసినవాడు స్కూల్లో నాకంటే రెండేళ్ళు చిన్న, ఇప్పుడు ఊళ్ళోనే చేపల చెరువులు చూసుకుంటున్నాడు. "అన్నా, స్కౌట్ మాస్టారు పొద్దున కాఫీ తాగి, పేపరు చేతిలో పట్టుకునే ఒరిగిపోయారంట. నీకు చెప్పకపోతే తర్వాత తిడతావని చేశా" అన్నాడు. కౌంటరు అవతల ఒకాయన ఏదో బేరింగు నంబరు చెబుతున్నాడు. నేను తలూపి వేరే బేరింగు ఇచ్చి పంపాను. సాయంత్రం ఆయన దాన్ని తిరిగి పట్టుకొచ్చాడు.

మాస్టారు మీలో ఎవరికీ తెలిసుండరు. గుడివాడ వైపు ఒక పల్లెటూరి హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మనిషి. సోషల్ జీతానికి చెప్పేవారు, స్కౌటింగ్ తన ఇష్టానికి నేర్పేవారు. ఇక నా సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. నేను మాటకారిని. ఒకటి జరిగితే దానికి మూడు కలిపి చెప్పడం నా అలవాటు. మా ఆవిడ నా మాటల్లో సగం తీసేసి వింటుంది. ఇది మాత్రం ఏమీ కలపకుండా రాయాలని కూర్చున్నాను.

శనివారం వస్తే చాలు, మాస్టారు ఖాకీ నిక్కరు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, మెడలో విజిల్‌తో సైకిలెక్కి వచ్చేవారు. నలభై దాటిన మనిషి నిక్కరు వేసుకోవడం ఊళ్ళో అందరికీ నవ్వులాటగా ఉండేది. నిక్కరు మాస్టారని పేరు కూడా పెట్టారు. ఆయన ఆ పేరుకి పలికేవారు కూడానూ.

స్కౌట్లు ఎడం చెయ్యి కలుపుతారు. ఆ సంగతి నేర్చుకున్న రోజు ఇంటికెళ్ళి మా నాయనమ్మకి ఎడం చెయ్యి చాపాను. వీపు మీద ఒకటి పడింది. ఆవిడ అక్కడితో ఆగకుండా మర్నాడు బడికే వచ్చింది. "ఏం చదువు చెబుతున్నారయ్యా మీరు? పిల్లాడు ఎడం చెయ్యి ఇస్తున్నాడు" అని నిలదీసింది.

"గుండె ఉన్న వైపు చెయ్యి కదమ్మా, అందుకని" అన్నారు మాస్టారు.

"గుండె సంగతి సరేలే. రేపు అన్నం కూడా ఆ చేత్తోనే తింటానంటే ఏం చేయాలి?"

ఆయన కాసేపు ఆలోచించి, "దానికి నా దగ్గర జవాబు లేదమ్మా. మీరే కాస్త చూసుకోండి" అన్నారు. పిల్లల ముందు ఒక మేష్టారు అలా అనడం నేను మొదటిసారి విన్నాను. తెలియనిది తెలియదని చెప్పడానికి ఆయనకి ఎప్పుడూ నామోషీ లేదు.

ఎనిమిదేసి మందిని ఒక పెట్రోల్ అనేవారు. వేరే ఊళ్ళలో పులి పెట్రోల్, సింహం పెట్రోల్ ఉండేవి. మాదేమో కొంగ పెట్రోల్. మేం గొడవ చేస్తే, "పులిని మీరెప్పుడైనా చూశార్రా? కొంగని రోజూ చూస్తున్నారు. ఎంత ఓపిగ్గా నిలబడుతుందో చూసి నేర్చుకోండి" అన్నారు. తాళ్ళతో ముడులు నేర్పేటప్పుడు ఆయన పద్ధతి వేరు. మేం బిగించి, లాగి, గర్వంగా చూపిస్తే ఆయన లాగి చూసేవారు కాదు. "ఏదీ, విప్పు" అనేవారు. విప్పడానికి గోళ్ళు, పళ్ళు వాడాల్సొస్తే మార్కు లేదు. "వేసినవాడు విప్పలేనిది ముడి కాదురా, చిక్కు" అనేవారు.

అన్నిటికంటే నాకు ఇష్టమైన ఆట దారి గుర్తుల ఆట. ఒక జట్టు ముందు వెళ్ళి గుర్తులు పెడుతుంది, రెండో జట్టు వాటిని చూసుకుంటూ వెనక వస్తుంది. బాణం ఉంటే ఇటు రమ్మని. అడ్డ గుర్తు ఉంటే ఇటు రావద్దని. గుండ్రంగా పేర్చి మధ్యలో ఒకటి పెడితే ఆట అయిపోయింది, నేను ఇంటికి వెళ్ళిపోయానని. ఇవన్నీ రాళ్ళతో పెట్టాలని పుస్తకంలో ఉంది. మా నేలలో రాయి ఎక్కడిది? తవ్వితే నల్లమట్టి, ఇంకా తవ్వితే నీళ్ళు. రైలు కట్ట దాకా వెళ్తే తప్ప గులకరాయి కనపడదు. అందుకని మాస్టారు తాటిమట్టలతో, పిడకలతో, ఎండు కొమ్మలతో గుర్తులు పెట్టించేవారు. పెట్టే ముందు ప్రతిసారీ ఒకే మాట చెప్పేవారు. "గుర్తు నీ కోసం కాదురా, వెనకొచ్చేవాడి కోసం. వాడు నీకంటే పొట్టి, నీకంటే భయస్తుడు. అది మనసులో పెట్టుకుని పెట్టు."

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, కోతలైపోయి కుప్పలు నూర్చే రోజుల్లో, పక్క ఊరి కాలవ దగ్గర రెండు రోజుల క్యాంపు పెట్టారు. మా కొంగ పెట్రోల్ ముందు వెళ్ళి గుర్తులు పెట్టాలి. లీడర్ని నేనే. అరగంట తర్వాత ఆరో తరగతి పిల్లలు వస్తారు. నాకు ఫోన్ చేసినవాడు ఆ పిల్లల్లో ఒకడు. కాలవ గట్టు రెండుగా చీలే చోట తాటిమట్టలు అయిపోయాయి. వెనక్కి వెళ్ళి తెచ్చుకోవచ్చు. బద్ధకించాను. పక్కనే కళ్లం, అందులో రాలిన ధాన్యం ఉంది. దోసిళ్ళతో తెచ్చి గట్టు మీద పొడుగ్గా పోసి బాణం చేశాను. నల్లమట్టి మీద పచ్చగా మెరిసిపోయింది. అంత అందమైన గుర్తు ఎవరూ పెట్టలేదని నా పెట్రోల్ వాళ్ళతో గొప్పలు కూడా పోయాను.

కోతలయ్యాక మా పొలాల్లోకి బాతుల మందలు వస్తాయి. కృష్ణా జిల్లాలో పుట్టి, రైతు బిడ్డనయ్యుండి, ఆ సంగతి నాకు తట్టలేదు.

గంటైనా పిల్లలు రాలేదు. నేనొక్కణ్ణే వెనక్కి పరిగెత్తి చూస్తే చీలిక దగ్గర ఒక్క గింజ లేదు. మట్టి నిండా బాతుల అడుగులు. ఇంతలో మాస్టారు సైకిలు మీద వచ్చారు. "ఇక్కడ గుర్తు ఏం పెట్టావురా?" అని అడిగారు. "పిడకలు పెట్టాను సార్. ఎవరో ఎత్తుకుపోయినట్టున్నారు" అన్నాను. మాట ఎంత తేలిగ్గా వచ్చిందో నాకిప్పటికీ గుర్తే. ఆయన నా మొహం ఒకసారి చూసి, సైకిలు రెండో గట్టు వైపు తిప్పుకుని వెళ్ళిపోయారు.

దీపాలు పెట్టే వేళకి పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. గట్టు తప్పి మూడు మైళ్ళు నడిచి, ఏడుస్తూ బాతులవాడి పాక చేరారట. అతను వాళ్ళకి గుడ్లు ఉడకబెట్టి పెట్టాడట. ఈలోగా కబురు తెలిసి ఆ పిల్లల అమ్మానాన్నలు వచ్చేశారు. మాస్టారిని పట్టుకుని అనరాని మాటలన్నారు. కాలవలో పడుంటే ఎవడిది బాధ్యత అని ఒకాయన కొట్టడానికి మీదికి కూడా వెళ్ళాడు. మాస్టారు చేతులు కట్టుకుని నిలబడి, "గుర్తులు సరిచూసుకోవడం నా పనండీ. చూసుకోలేదు. తప్పు నాదే" అన్నారు. ఆ రాత్రి మంట చుట్టూ కూర్చున్నప్పుడు ఎవరి వైపూ చూడకుండా, "తినే వస్తువుతో గుర్తులు పెట్టకండిరా" అన్నారు, అంతే. మరుసటి ఏడాది మా బళ్ళో క్యాంపు పెట్టనివ్వలేదు.

మా అమ్మాయికి ఇప్పుడు పన్నెండేళ్ళు. దానికి ఐదేళ్ళప్పటి నుంచీ ఈ కథ చెబుతున్నాను. నా కథలో ధాన్యం లేదు. తప్పిపోయిన పిల్లలున్నారు, బాతుల అడుగులున్నాయి, ఆ అడుగులు పట్టుకుని వెళ్ళి పిల్లల్ని కనిపెట్టిన పెట్రోల్ లీడర్ ఉన్నాడు. వాడు నేనే. అది విని విని పిల్ల వాళ్ళ స్కూల్లో గైడ్స్‌లో చేరింది. మా నాన్న చిన్నతనం అని వ్యాసం రాసి అసెంబ్లీలో చదివి, చప్పట్లు కొట్టించుకుని వచ్చింది.

పోయినేడాది దాన్ని మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళాను. అప్పటికే పక్షవాతం వచ్చి ఆయన కుడి చెయ్యి పడిపోయింది. ఎడం చెయ్యి చాపి, "ఇప్పుడు నాకు అందరితోనూ స్కౌట్ షేక్‌హ్యాండేనమ్మా" అని నవ్వారు. పిల్ల కూర్చోగానే అడిగేసింది. "తాతగారూ, మా నాన్న బాతుల అడుగులు చూసి పిల్లల్ని కనిపెట్టాడంట కదా?"

మాస్టారు నా వైపు చూశారు. కోపం లేదు, వెటకారం లేదు. బాణం సరిగా ఉందో లేదో చూసేటప్పటి చూపే అది. "బాతుల సంగతి మీ నాన్నకే బాగా తెలుసమ్మా. ఇంకోసారి మొదటి నుంచీ చెప్పమను" అన్నారు. వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చి నాతో మెల్లిగా, "ముడి నువ్వే వేశావు, నువ్వే విప్పుకో. నాకు చెయ్యి పనిచేయట్లేదు" అన్నారు.

ఈసారి వచ్చినప్పుడు ఆయన ముందే పిల్లకి నిజం చెబుదామనుకున్నాను. పిల్లకి పరీక్షలన్నాను, వానలన్నాను, షాపులో మనిషి మానేశాడన్నాను. ఏడాది గడిచిపోయింది. సిగ్గుపడి వాయిదా వేశాను. అసలు సంగతి అదే.

చివరి చూపుకి వెళ్తూ, హనుమాన్ జంక్షన్ దాటి కుడి వైపు తిరిగాక, కారులో పిల్లకి మొత్తం చెప్పాను. ధాన్యం, బద్ధకం, పిడకలని అన్న మాట, మాస్టారు పడ్డ తిట్లు, ఏదీ వదల్లేదు. అది కిటికీలోంచి చూస్తూ విన్నది.

"అయితే పిల్లల్ని వెతికింది ఎవరు?"

"మాస్టారే."

"తిట్లు తిన్నది?"

"ఆయనే."

కొంత దూరం పోయాక, "అసెంబ్లీలో చదివాను నాన్నా నేను" అన్నది. మళ్ళీ తనే అడిగింది, "మరి తాతగారికి నిజం చెప్పావా?"

"లేదమ్మా."

"ఇంకెలా చెబుతావు?"

పెద్దకర్మ దాకా ఆ పది రోజులూ పిల్ల నాతో అవసరానికే మాట్లాడింది. అన్నానికి పిలిస్తే వచ్చేది, తిని వెళ్ళిపోయేది. వాళ్ళమ్మ ఏమైందని అడిగితే, "నాన్ననే అడుగు" అనేది. అడిగితే చెప్పాను. ఆవిడ ఆ రోజు మాత్రం సగం తీసేయకుండా విన్నది.

పెద్దకర్మ రోజున భోజనాలయ్యాక షామియానా కింద పాత విద్యార్థులంతా కూర్చున్నారు. ఒక్కొక్కరూ మైకు తీసుకుని మాట్లాడారు. మైకు దొరికితే వదలనివాణ్ణని నాకు పేరు. ఆ రోజు మాత్రం అందరికంటే చివర లేచాను. ముందు వరసలో మా అమ్మాయి, దాని పక్కన మాస్టారి భార్య ఉన్నారు. ఆవిడ వైపు తిరిగి, "అమ్మగారండీ, ఆ రోజు పిడకలు ఎవరూ ఎత్తుకుపోలేదండీ. నేను ధాన్యం పోశాను. బాతులు తిన్నాయి. మాస్టారు పడ్డ మాటలన్నీ నేను పడాల్సినవండీ" అన్నాను.

చేపల చెరువులవాడు వెనక నుంచి లేచాడు. "మాకు తెలుసన్నా" అన్నాడు. "గట్టు మీద ఎవరో బాణంలాగా గింజలు పోస్తే తన బాతులు ఎగబడ్డాయని బాతులాయన ఆ రోజే మా ముందే మాస్టారికి చెప్పాడు. వాడి నోటితో వాడే చెప్పాలి, అప్పటిదాకా మీరెవరూ అనకూడదని మాస్టారు మా చేత మాట తీసుకున్నారు. పెద్దయ్యాక నేను రెండు మూడుసార్లు అడిగాను కూడా, ఇంకా చెప్పలేదేంటండీ అని. చెప్తాడులేరా, కాస్త మాటకారి కదా, చుట్టూ తిరిగి వస్తాడు అనేవారు."

ఆ ఆరో తరగతి పిల్లలంతా జుట్టు నెరిసిన మగాళ్ళయ్యారు. ఇన్నేళ్ళలో నా పెళ్ళికొచ్చారు, నా షాపు ప్రారంభానికొచ్చారు. ఒక్కడు కూడా నోరు జారలేదు. నేను మైకు పట్టుకునే ఏడ్చాను. మాస్టారి భార్య లేచి వచ్చి నా చేతిలో మైకు తీసుకుని పక్కన పెట్టారు. "మీ మాస్టారు ఉంటే ఈపాటికి విజిల్ వేసి కూర్చోమనేవారు నాయనా" అన్నారు.

తిరిగి వస్తుంటే పిల్ల, "ఆ చీలిక ఎక్కడ?" అని అడిగింది. గట్టు మీద ఇప్పుడు సిమెంటు రోడ్డు వేశారు. చీలిక మాత్రం అలాగే ఉంది. కారు ఆపాను. అది వెనక సీట్లోంచి తన స్కూలు బ్యాగు దింపుకుంది. పొద్దున బెజవాడలో బయల్దేరేటప్పుడు ఆ బ్యాగు ఎత్తబోయి, ఇంత బరువేంటమ్మా అంటే, నా సామాను అని లాక్కున్న బ్యాగది. తెరిస్తే అన్నీ రాళ్ళు. మా అపార్ట్‌మెంటు వెనక కొండ దగ్గర ఏరుకున్నవి.

రోడ్డు పక్కన మట్టిలో కూర్చుని, ఒక్కో రాయినీ నొక్కి గుండ్రంగా పేర్చింది. మధ్యలో ఒకటి పెట్టింది, ఇంటికి వెళ్ళిపోయానని చెప్పే గుర్తు. కాస్త దూరం వెళ్ళి, మోకాళ్ళు వంచి, చిన్నపిల్లల ఎత్తు నుంచి కనపడుతుందో లేదో చూసుకుంది. మళ్ళీ వచ్చి రెండు రాళ్ళు సరిచేసింది. అప్పుడు పది రోజుల తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూసి, మట్టి అంటిన ఎడం చెయ్యి చాపింది.

"ఇవి బాతులు తినవు నాన్నా" అన్నది.