చెప్పులో పెట్టిన ఉత్తరం

ఇంటర్ చదవడానికి నన్ను ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలలో ఉండే మేనత్త ఇంటికి పంపారు. అప్పటిదాకా తెలుగు మీడియం. నంద్యాల కాలేజీలో అంతా ఇంగ్లీషు. నోరు తెరిస్తే పరువు పోతుందని మొదటి రెండు నెలలు తెరవలేదు. ఆ తర్వాత తెరుద్దామనుకున్నాను గానీ, అప్పటికి నేనొకణ్ణి ఉన్నానన్న సంగతే అందరూ మరిచిపోయారు. మధ్యాహ్నం అన్నం డబ్బా తీసి, పక్కవాణ్ణి కూర కావాలా అని అడగాలని రోజూ అనుకునేవాణ్ణి. రోజూ కూరంతా నేనే తినేవాణ్ణి. బాధగానే ఉండేది.

ఆ బాధకు ఒక గౌరవం కల్పించినవాళ్ళు జపానువాళ్ళు. బెంగళూరులో ఇంజనీరింగు చదివే మా పెదనాయన కొడుకు దసరా సెలవులకు వచ్చి, అనిమే అంటూ నాలుగు సీడీలు ఇచ్చిపోయాడు. మామ విత్తనాల వ్యాపారం కోసం కొన్న కంప్యూటరు ఇంట్లో ఉండేది. దాంట్లో వేసి చూశాను. అన్నీ బొమ్మల కథలే, అన్నీ హైస్కూలు ప్రేమలే. ప్రతి కథలోనూ స్నేహితులు లేని అబ్బాయి ఒకడుంటాడు. చివరి వరసలో కిటికీ పక్కన కూర్చుని ఆకాశం చూస్తుంటాడు. ఇంకో మూల ఎవరితోనూ మాట్లాడని అమ్మాయి ఉంటుంది. పన్నెండు భాగాలు ఇద్దరూ నోరు మెదపకుండా గడిపి, పదమూడో భాగంలో పూలు రాలుతుండగా ఒక్క మాట అనుకుంటారు. మనవాళ్ళయితే ఆపాటికి పెళ్ళి చేసి, పుట్టిన పిల్లకు పేరు కూడా పెట్టేసేవాళ్ళు.

నాకు మాత్రం జ్ఞానోదయం అయింది. నన్నెవరూ పట్టించుకోలేదని ఇన్నాళ్ళూ ఏడ్చాను. తీరా చూస్తే అది కథానాయకుడి లక్షణమట. వెంటనే చివరి బెంచీకి మారి కిటికీ పక్కన కూర్చున్నాను. నంద్యాలలో ఆ కిటికీలోంచి ఎండా దుమ్మూ తప్ప ఏమీ రావు. జుట్టు కంటిమీదికి పెంచితే, అత్త దానికి గిన్నెడు నూనె పట్టించి వెనక్కి దువ్వేది. ఆకాశం చూస్తుంటే అటెండరు వచ్చి, "ఏందప్పా, కడుపు నొస్తాందా?" అన్నాడు. నిజంగా ఒంటరిగా ఉండటం సులువే గానీ, అది అందంగా కనబడేలా ఉండటం మా సీమలో మహా కష్టం.

ఇక అమ్మాయి కావాలి. సాయంత్రం ఫిజిక్సు ట్యూషన్లో కనిపించింది. సారు ఇంటి వరండాలో, గుమ్మం పక్క మూల కూర్చునేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆమెదీ మా ఆళ్ళగడ్డేనని, రోజూ బస్సులో వచ్చిపోతుందని మాత్రం తెలుసు. కళ్ళు ఎప్పుడూ సగం మూసి ఉండేవి. అంత లోతైన విషాదం నాలుగు సీడీల్లోనూ నేను చూడలేదు.

ఆ కథల్లో పిల్లలు బడికి రాగానే బూట్లు విప్పి చెక్క అరల్లో పెడతారు. ప్రేమలేఖ ఆ అరలో పెట్టాలి, అది వాళ్ళ ఆచారం. మా సారు ఇంటిముందు అరలు లేవు, ముప్పై జతల చెప్పుల కుప్ప ఉంది. ఆమె నీలం చెప్పులు వెతికి పట్టుకుని, మడిచిన కాగితం ఎడమ చెప్పు పట్టీ కిందికి తోశాను. "నీ కళ్ళలో చెప్పుకోలేని బాధ ఉంది. నువ్వూ ఒంటరివే, నేనూ ఒంటరివాణ్ణే. ట్యూషన్ అయ్యాక మేడ మీదికి రా." పేరు రాయలేదు. అక్కడ రాయరు.

నేను మరిచిపోయిందల్లా ఒకటే. మా వైపు వాకిట్లో చెప్పులు ఎవరివైనా సరే, అవసరం పడ్డవాళ్ళు కాలికి తగిలినవి వేసుకుపోతారు. సారు వాళ్ళమ్మను మేమంతా అవ్వా అని పిలిచేవాళ్ళం. ఆ అవ్వ కరివేపాకు కోసం అంగడికి పోయి, కుంటుకుంటూ తిరిగొచ్చింది.

"చెప్పులో ఏందో గుచ్చుకుంటాంది పాపా. ఏం కాగితమో చూడు" అని, గుమ్మం పక్కనున్న ఆమె చేతికే ఇచ్చింది. సారు పాఠం ఆపాడు. ముప్పైమందీ తలలు తిప్పారు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

ఆమె మొత్తం చదివింది. అవ్వ కాళ్ళకున్న తన చెప్పుల వంక చూసింది.

"చెప్పు వదులైందని ఎవురో దూర్చినారవ్వా" అని, మడిచి పుస్తకంలో పెట్టుకుంది.

"సదువుకునే పిల్లోళ్ళు, రాసిన కాగితం కాళ్ళ కింద పెడతారా" అంటూ అవ్వ, ఆ కాగితం పట్టుకున్న తన వేళ్ళు కళ్ళకద్దుకుంది.

ట్యూషన్ కాగానే పారిపోవలసినవాణ్ణి, మేడ ఎక్కాను. కథానాయకుడు ఎక్కాలి కదా. అక్కడ అవ్వ పెట్టిన ఒడియాలు ఎండుతున్నాయి. కాసేపటికి ఆమె వచ్చి పైమెట్టు మీదే నిలబడింది.

"రాసింది నేనని ఎట్ల తెలిసింది?" అన్నాను.

"అందరూ నన్ను చూస్తాంటే నువ్వొకనివే నేల చూస్తాండావ్. బస్సుకు టైమైతాంది, బిరీన చెప్తా విను. నేను ఒంటరిదాన్నని నీకెవురు చెప్పినారప్పా? నాలుగున్నరకు లేసి, ఎనుముకు మేతేసి, ఆరు గంటల బస్సు పట్టుకుంటా. పగలంతా కాలేజీ అయినాక ఈడ కూసునేసరికి నిద్ర ఆగదు. బస్సులో మేం ఏడుగురం. దావంతా నోరు మూయం."

ఆమె కాగితం తీసి నా చేతికిచ్చింది.

"దీంట్లో ఉండేదంతా నీ గురించే. మాట్లాడేకి ఎవురూ లేనిది నీకే. ఆ మాటే రాసింటే సరిపోయేది కదా. శనివారం ఊరికి పోతావంట. మా బస్సుకే రా, సీటు పెడతాం."

నాకు కోపం వచ్చింది. అవుననలేదు, కాదనలేదు, సీటు పెడతానంది. కథానాయిక ఎనుముకు మేత వేయడం ఏ సీడీలోనూ లేదు. ఏడుగురు మనుషులు అసలే లేరు. ఆ కోపం కింద ఉన్నది భయమని ఇప్పుడైతే చెప్పగలను. ఆ ఏడుగురూ నేను మాట్లాడితే నవ్వుతారేమోనని భయం. వాళ్ళు నవ్వకపోతే ఇన్నాళ్ళు మూగనోము పట్టినందుకు నామీద నాకే నవ్వొస్తుందని ఇంకో భయం.

శనివారం బస్టాండుకు పోయాను. పోయి, ఒక స్తంభం వెనక నిలబడ్డాను. బస్సు రాగానే ఆమె తన సంచి కిటికీలోంచి లోపలికి వేసింది. అందరూ ఎక్కాక చూస్తే, ఆ సంచి జట్టులోని ఇద్దరు మగపిల్లల పక్కన మూడో మనిషి చోటులో ఉంది, ఆమె వెనక సీట్లో ఉంది. గంపతో ఒకామె ఎక్కి, సంచి తీయమంది.

"మనిషి లేకుండా సీటేంది?"

"వస్తాడు. మావోడే."

కిటికీకీ నాకూ మధ్య పదడుగులు. ఒక్క కాలూ కదల్లేదు. బండి కదిలేదాకా ఆమె గంపామెతో వాదిస్తూనే ఉంది. చివరికి ఒకసారి తలుపువైపు చూసి, సంచి ఒళ్ళోకి తీసుకుంది. గంపామె కూర్చుంది.

తర్వాతి బస్సులో, సగం దారిలో ఉండే సిరివెళ్ళ దాకా నిలబడే పోయాను. సోమవారం ఆమె ఏమీ అడగలేదు, మళ్ళీ పిలవనూ లేదు. నంద్యాలలో గడిపిన రెండేళ్ళలో నన్ను మావోడని అన్న మనిషి ఆమె ఒక్కతే. ఆ మాట చెవులారా విని కూడా నేను స్తంభం వెనకే నిలబడ్డాను.