చిన్నమ్మ రుచి చూడని కుడుములు

మొన్న ఆదివారం మా మనవరాలు ఇంట్లోనే మోమోలు చేసింది. మొదటి వాయి దిగగానే పొయ్యి దగ్గరే నిలబడి ఒకటి నోట్లో వేసుకుంది. "పెద్దవాళ్లకు పెట్టకముందేనా?" అన్నాడు మావాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. "చేసిన పిల్ల తింటే నీ సొమ్మేం పోయిందిరా!" అని అరిచాను. ఇల్లంతా బిత్తరపోయింది. నిజానికి ఆ కోపం నా కొడుకు మీది కాదు, అరవైల్లో, నా చిన్నతనంలో, మా ఇంట్లో జరిగినదాని మీద.

మా చిన్నాయన బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ గుమాస్తా. క్వార్టర్లలో వాళ్ల పక్కింట్లో కలకత్తా నుంచి వచ్చిన ఒకామె ఉండేది. చీనావాళ్లు చేసుకునే ఆవిరి కుడుములు ఆమెకు వచ్చు. మైదా పలుచగా ఒత్తి, నడుమ ఖీమా పెట్టి, చీర కుచ్చిళ్లు పోసినట్టు అంచులు మడిచేది. చిన్నమ్మ రోజూ పక్కన కూర్చుని నేర్చుకుంది గాని ఒక్కటీ తినలేదు. అది శ్రావణమాసం, నీసు ముట్టదు. మాసం వెళ్లేసరికి పక్కింటివాళ్లకు బదిలీ అయింది. చేయడం పూర్తిగా వచ్చింది, రుచి మాత్రం అసలే తెలియదు మా చిన్నమ్మకు.

ఆ ఏడే నిజామాబాద్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు పొద్దున్నుంచి కూర్చుని చేసింది. మన కుడుములకు చేసినట్టే కుండలో నీళ్లు పోసి, గడ్డి పరిచి ఆవిరికి పెట్టింది. అల్లం, ఉల్లికాడల వాసన వాకిలి దాకా వచ్చింది. మా ఇంటికి పెద్ద మా బాపుకు అన్న, పెద్దబాపు. ఆయన తినకముందు వంటింట్లో ఆడవాళ్లెవరూ మెతుకు ముట్టకూడదు.

"అక్కా, ఒక్కటి కొరికి సూడనా? ఎట్లుంటయో నాకే ఎరుక లేదు," అని చిన్నమ్మ మా అమ్మను అడిగింది.

"బావ తినకముందే ఎంగిలి చేస్తవా చెల్లే?" అంది అమ్మ. అమ్మ మీద కూడా నాకు కోపమే, ఇప్పటికీ.

మగవాళ్లు కూర్చున్నారు. ఇంట్లో చిన్నదాన్నని పెద్దబాపు నన్నూ పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఒక కుడుము మింగి, "గిదేం తిండే! కారం లేదు, సారం లేదు," అన్నాడు. ఆ వెంటనే, "ఇంకో నాలుగెయ్యి," అన్నాడు. అట్లా తిట్టుకుంటూనే ఎన్ని తిన్నాడో ఆ మహానుభావుడు! బాపు, చిన్నాయన తలొంచుకుని తిన్నారు. బాగుందనడానికి ఒక్క నోరూ పెగల్లేదు. గిన్నెలో చివరిది మిగిలితే పెద్దబాపు దాన్ని నా పళ్లెంలో వేశాడు. తలుపు దగ్గర చిన్నమ్మ నిలబడి దాన్నే చూస్తోంది. నేను చూశాను. చూసి కూడా తిన్నాను.

తర్వాత వంటింట్లోకి వెళితే, చిన్నమ్మ గడ్డికి అంటిన పిండి తునకను గోటితో గిల్లి నోట్లో వేసుకుంటోంది. "ఎట్లుండె బిడ్డా?" అని అడిగింది. అంత కమ్మటిది నేను అప్పటిదాకా తినలేదు. ఆ రసం ఇంకా నాలుక మీదే ఉంది. "కారం లేదు, సారం లేదు," అన్నాను, అచ్చం పెద్దబాపులాగా.

ఆమె మళ్లీ ఎన్నడూ చేయలేదు. కాలం అన్నిటినీ మరిపిస్తుందంటారు. ఆ మాట అన్నవాళ్లెవరో గాని, ఆఖరిది తిన్నవాళ్లు మాత్రం కాదు.