పురుగుల ఇంట్లో ప్రతివాది

2018 జూన్‌లో నన్ను హోసూరులోని ఒక సివిల్ కోర్టుకు సీనియర్ బెయిలిఫ్‌గా వేశారు. హోదా పేరు వినడానికి ఘనంగానే ఉంటుంది గానీ, పల్లెల్లో నన్ను ఆ పేరుతో పిలిచినవాడు ఒక్కడూ లేడు. అందరికీ మేం అమీనాలమే. కోర్టు పంపే సమన్లు ఎవరికి రాశారో వారి చేతికి చేర్చి, చేర్చినట్టు సంతకం తెచ్చి, నాజరుకు అప్పగించడం మా పని. నాజరంటే మా సెక్షన్ పెద్ద. పొద్దున్నే కాగితాల కట్ట విప్పి, ఎవరి పల్లెలు వాళ్లకు పంచేవారు. నా వంతుకు కెలమంగలం వైపు పల్లెలు వచ్చాయి.

సమన్లు రెండు ప్రతులుంటాయి. ఒకటి ప్రతివాదికి ఇచ్చి రెండోదాని మీద సంతకం పెట్టించుకోవాలి. మనిషి ఎదురుగా ఉండి తీసుకోనంటే ‘నిరాకరించారు’ అని రాసి, సాక్షుల ముందు తలుపుకు అంటించి రావాలి. ఏది జరిగినా కాగితం వెనక నాలుగు లైన్ల రిపోర్టు రాయాలి. దాన్ని రిటర్న్ అంటాం. జడ్జిగారు ప్రతివాది మొహం చూసేలోపు మా రిటర్నే చూస్తారు. అందుకని అందులో అబద్ధం రాయకూడదు. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను ఒకే ఒక్క కేసులో రాశాను. ఇప్పుడు చెప్పబోయేది ఆ కేసు గురించే.

వాది పేరు భవ్య, వయసు ఐదేళ్లు. మైనరు కాబట్టి ఆమె తరఫున తల్లి రేణుక దావా వేసింది. రేణుక హోసూరులో ఒక ఇంజినీరింగ్ ఫ్యాక్టరీలో పనిచేసేది. అదే ఫ్యాక్టరీలో మంజునాథ్ అనే అబ్బాయి ఉండేవాడు. కులాలు వేరు. పెళ్లి చేసుకోకుండానే ఒకే గదిలో రెండేళ్లు కాపురం ఉన్నారు. బిడ్డ కడుపున పడగానే, అమ్మకు చెప్పి వస్తానని ఊరికి బస్సెక్కిన మంజునాథ్ మళ్లీ రాలేదు. తల్లిదండ్రులకు పెళ్లి కానప్పుడు, ఇద్దరూ కలిసి అడిగి సంతకాలు పెడితే తప్ప జనన రిజిస్టర్లో తండ్రి పేరు రాయరు. ఆసుపత్రిలో రేణుక ఒక్కతే ఉంది. ఆ గడిలో గీత గీసి వదిలేశారు. ఈ మంజునాథే తండ్రి అని కోర్టు ప్రకటించాలని, ఆ ప్రకటన ప్రకారం రిజిస్టరు సరిచేయాలని దావా.

కోర్టు వరండాలో మొదటిసారి చూసినప్పుడు, తల్లి పేరుతోనే బిడ్డను బడిలో చేర్చుకుంటారు కదమ్మా, ఈ తిరుగుడంతా ఎందుకని రేణుకను అడిగాను. ఉచిత సలహాలివ్వడంలో కోర్టు సిబ్బందిని మించినవాళ్లు ఉండరు. ఆమె కోపం తెచ్చుకోలేదు. “చేర్చుకుంటారన్నా. కానీ ఇది నాయన లేని బిడ్డ కాదు. నాయన ఉండాడు, కాగితంలోనే లేడు” అంది.

జూలైలో మొదటిసారి మంజునాథ్ ఊరికి మోపెడ్ మీద వెళ్లాను. కెలమంగలం దాటి మట్టిరోడ్డులో కొంత దూరం పోవాలి. వాళ్లది పట్టుపురుగులు పెంచే ఇల్లు. ఇంటి వెనక రేకుల షెడ్డు, దాని కిటికీలకు ఈగ కూడా దూరని వల. దాన్ని పురుగుల ఇల్లు అంటారు. మంజునాథ్ తల్లి గౌరమ్మ షెడ్డు ముందు నిలబడి నన్ను అల్లంత దూరంలోనే ఆపేసింది. పురుగులు మూడో జ్వరంలో ఉన్నాయట. జ్వరమంటే జబ్బు కాదు. పురుగు మేత మాని, కదలకుండా పడుకుని, పాత చర్మం విడిచే సమయం. అలా నాలుగుసార్లు విడుస్తుంది. ఆ రోజుల్లో బయటి మనిషిని లోపలికి రానివ్వరు, తెగులు తెస్తాడని. పైగా నాకు నశ్యం అలవాటు. పొగాకు వాసనకు పురుగు బతకదు.

“నశ్యమేస్తావా అప్పా? ఈడికే గుప్పుమంటా ఉంది. ఆ చింతచెట్టు కాడికి పో, ఆడనించి మాట్లాడు” అంది గౌరమ్మ.

చింతచెట్టు దగ్గర నిలబడి, కోర్టు కాగితం ఉందని, మీ అబ్బాయి చేతికే ఇవ్వాలని కేక వేశాను. వాడు లోపల మేతేస్తున్నాడని, ఇప్పుడు బయటికొస్తే మళ్లీ కాళ్లూ చేతులూ మందునీళ్లలో కడిగి పోవాలని ఆమె తిరిగి కేక వేసింది. ఇంతలో ఆకు కోయడానికి తోటలోకి పోయింది. ఆమె అటు పోగానే కిటికీ వల వెనక ఒక మొహం కనిపించింది.

“సార్, నేనే మంజునాథ్. మాయమ్మకు మాత్రం చెప్పొద్దు సార్. బండి యాక్సిడెంట్ కేసని చెప్పినాను. వచ్చే వాయిదాకు నేనే కోర్టుకొచ్చి తీసుకుంటాను.”

వల సందులో కాగితం దూరదు. తలుపు దాటి పోవడానికి నాకు అధికారం లేదు. అయినా చేయాల్సింది తేలికే. మనిషి ఎదురుగా ఉన్నాడు, బయటికొచ్చి తీసుకోనంటున్నాడు. ‘నిరాకరించారు’ అని రాసి, ఇంటి తలుపుకు అంటించి, పక్కింటివాళ్ల సంతకం తీసుకుంటే సరిపోయేది. కానీ తలుపుకు అంటిస్తే ఊరంతా చదువుతుంది, ఆ పెద్దావిడ తల ఎత్తుకోలేదు అనుకున్నాను. కోర్టు మనిషి నోటి నుంచి మనవరాలి సంగతి వినే గతి ఏ తల్లికీ పట్టకూడదనుకున్నాను. పైగా ఆ అబ్బాయి మొహం చూస్తే వస్తాడనే అనిపించింది. ‘ప్రతివాది దొరకలేదు’ అని రాసేశాను. ఎంతో మర్యాదస్తుడినని నన్ను నేనే మెచ్చుకుంటూ హోసూరు చేరాను.

మంజునాథ్ రాలేదు. కోర్టు కొత్త తేదీ వేసి మళ్లీ సమన్లు పంపింది. రెండోసారి వెళితే తర్వాతి పంటలో నాలుగో జ్వరం. మూడోసారి మరో పంట, చిన్న పురుగులు, ఇంకా జాగ్రత్త. ప్రతిసారీ గౌరమ్మ నన్ను చింతచెట్టు కింద కూర్చోబెట్టి రాగి అంబలి పంపేది. “ఎవురికీ కాలు ఇరగలేదు గదప్పా, ఆ బండి కేసులో?” అని ఒకసారి అడిగింది. ఎవరికీ విరగలేదమ్మా అన్నాను. అలా వాడి అబద్ధానికి నేను కూడా తలా తోకా అతికించాను. ప్రతి రిటర్న్‌లోనూ ‘దొరకలేదు’, ‘దొరకలేదు’. మా నాజరు కళ్లద్దాల పైనుంచి చూసి, కెలమంగలంలో మనుషులు అంత అపురూపమయ్యారా అని ఎగతాళి చేశారు.

ఇలా ఏడు నెలలు గడిచాయి. ఫిబ్రవరి వాయిదాలో జడ్జిగారు ఇదే చివరి అవకాశమన్నారు. ప్రతివాదికి ఈసారైనా సమన్లు నేరుగా అందకపోతే దావా కొట్టివేయాల్సి వస్తుందని చెప్పారు. రేణుక తరఫు వకీలమ్మ బయటికొచ్చి నాకు సంగతి విడమరిచింది. ఈ దావాలో రక్తపరీక్షే సాక్ష్యం. మనిషి రాకపోతే రక్తం లేదు, రక్తం లేకపోతే రుజువు లేదు. రేణుక ఇప్పటికే చాలా షిఫ్టులు పోగొట్టుకుంది. మళ్లీ మొదటినుంచి దావా వేసే ఓపిక ఆమెకు లేదు.

ఆ రోజు భవ్య కూడా వచ్చింది. వరండాలో నా బల్ల దగ్గరికొచ్చి, బల్ల మీద గడ్డం ఆనించి అడిగింది: “తాతా, నువ్వు మా నాయనను చూడను పోతావంట గదా. ఎట్లుంటాడు?”

నేను చూశాను, ఆ పిల్ల చూడలేదు. కోర్టు కాగితాల ప్రకారమైతే నేనూ చూడలేదు. ఆ పిల్ల ముందు నాకు సిగ్గేసింది. ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్లిపోయాను.

ఈసారి తెలివిగా పోవాలనుకున్నాను. కెలమంగలం బస్టాండ్ దగ్గర టీకొట్టులో ఆరా తీస్తే, గౌరమ్మగారి పురుగులు పండాయని, రేపు చంద్రికలకు ఎక్కిస్తారని చెప్పారు. పండిన పురుగు మేత మాని, ఒళ్లు పసుపుగా నిగనిగలాడుతూ తల పైకెత్తి తిరుగుతుంది. దాన్ని ఏరి చంద్రిక మీద వదిలితే గూడు అల్లుకుంటుంది. చంద్రిక అంటే వెదురు తడికె మీద చుట్టలు చుట్టలుగా బద్ద అల్లిన పెద్ద తట్ట. ఆలస్యమైతే కింద ఆకుల్లోనే అల్లుకుని నెల కష్టం పాడవుతుంది. అందుకని ఆ ఒక్కరోజు తలుపులు బార్లా తెరిచి, చుట్టుపక్కల వాళ్లందరినీ పిలుస్తారు. ఆ రోజు మంజునాథ్ ఎక్కడికీ పోలేడు. నశ్యం డబ్బీ ఇంట్లో పెట్టి, తలంటుకుని, ఉతికిన చొక్కా వేసుకుని బయలుదేరాను. పెళ్లిచూపులకు కూడా అంత శుభ్రంగా పోలేదు.

గౌరమ్మ నన్ను చూడగానే గుర్తుపట్టింది. “వచ్చినావా అమీనప్పా! కాగితం గీగితం మల్ల. చేతులు కడుక్కొని రా, ఈపొద్దు మనుషులు తక్కువుండారు.”

నేను నోరు తెరిచేలోపు చేతిలో పళ్లెం పెట్టేసింది. ప్రతివాదిని పట్టుకోవడానికి పోయిన కోర్టు ఉద్యోగి, ప్రతివాది పక్కనే గొంతుక్కూర్చుని మూడు గంటలు పురుగులు ఏరాడు. పురుగు చల్లగా, మెత్తగా ఉంటుంది. గట్టిగా పడితే చితికిపోతుంది. నేను నాలుగు చితిపాను. మంజునాథ్ తలెత్తలేదు. “మాయమ్మ ముందర వద్దు సార్” అని ఒక్కసారి గొణిగాడు.

చివరి చంద్రిక ఎండలో ఆనించాక, సంచిలోంచి సమన్లు తీసి అతని ముందు పట్టుకున్నాను. అతను చేయి చాచలేదు. గౌరమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“ఆ బండి కేసు ఇంగా తెగలేదా? ఏదీ, చదువు. ఏముందో నేనూ ఇంటాను.”

బండి కేసేలే అమ్మా, నీకెందుకు అన్నాడు మంజునాథ్. ఆమె కొడుకు వైపు చూడలేదు. “నువ్వు చెప్పప్పా. మా పురుగులు ఏరినోడివి, నువ్వు అబద్దం చెప్పవు” అంది నాతో.

ఏడు నెలలుగా నేను చెబుతున్నది అబద్ధమేనని ఆమెకు తెలియదు. ఇంటి పెద్దలు అడిగితే కాగితం చదివి వినిపించడం అమీనా పనిలో భాగమే. మొదటిసారే చేయాల్సిన ఆ పని అప్పుడు చేశాను. వాది, మైనరు భవ్య, వయసు ఐదేళ్లు, తరఫున తల్లి రేణుక. ప్రతివాది మంజునాథ్. వాది ప్రతివాది కూతురని ప్రకటించమని కోరిక.

గౌరమ్మ కొడుకు వైపు తిరిగి అడిగింది: “నిజమేనా రా?”

నిజమేనన్నాడు. కులం వేరమ్మా, నువ్వు ఒప్పవని చెప్పలేదన్నాడు.

“ఒప్పేదో లేదో నేను చెప్పాల్సిన మాట. అయిదేండ్లు ఆ బిడ్డకు కనపడకుండా నన్ను దాచిపెట్టినావు గదరా!” అంది. తర్వాత నా వైపు తిరిగి, బిడ్డ ఎవరి పోలిక అని అడిగింది. భవ్య ముక్కూ గడ్డం ఆవిడవే, అచ్చు గుద్దినట్టు. కానీ కోర్టు తేల్చాల్సిన విషయం మీద పోలికలు చెప్పే అధికారం అమీనాకు లేదు. ఆ మాటే చెప్పాను. “నీ అధికారం పొయ్యిలో పెట్టు” అని కొడుకు చేతిలో పెన్ను పెట్టించింది. సంతకం పెట్టిన చోట కాగితం పసుపుపచ్చగా తడిసింది. పండిన పురుగు గూడు కట్టేముందు వదిలే నీరు అది, అతని వేళ్లకు అంటుకుని ఉంది. ఈ మరక ఏమిటని నాజరు అడిగితే, ఈసారి మనిషి దొరికాడండీ అన్నాను.

మంజునాథ్ వాయిదాకు హాజరై తండ్రినని ఒప్పుకున్నాడు. అయినా జడ్జిగారు పరీక్షకు ఆదేశించారు. బిడ్డకు తండ్రి ఎవరనేది ఇరుపక్షాలు మాట్లాడుకుని తేల్చుకునే సంగతి కాదన్నారు. కృష్ణగిరి ప్రభుత్వాసుపత్రిలో ముగ్గురికీ ఫొటోలు తీసి, వేలిముద్రలు వేయించి, రక్తం తీసి, సీలు వేసి ల్యాబుకు పంపారు. గౌరమ్మ కూడా బస్సెక్కి వచ్చి, నాది గుడా తీసుకోండమ్మా అని నర్సు ముందు చేయి చాచిందట. నర్సు అక్కర్లేదన్నా చాలాసేపు చేయి తీయలేదట. రిపోర్టు వచ్చింది, డిక్రీ అయింది, రిజిస్టర్లో గీత ఉన్న చోట పేరు ఎక్కింది. రేణుక మాత్రం పెళ్లికి ఒప్పుకోలేదు. పేరు అడిగింది బిడ్డకు, తనకు కాదంది. ఆదివారాలు భవ్యను నాయనమ్మ దగ్గరికి పంపడానికి ఒప్పుకుంది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, కంటికి కనిపించిన మనిషిని దొరకలేదని నేను రాయలేదు. ఎవరికి ఏ సంగతి ఎప్పుడు తెలియాలో తూచి చూడటం అమీనా పని కాదు. ఇవ్వాల్సిన కాగితం ఇవ్వాలి, చదవమంటే చదవాలి. గౌరమ్మ ఆ కబురు తట్టుకోలేదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఆమె తట్టుకోవడానికి పట్టింది ఐదు నిమిషాలు. మంజునాథ్ ఆ బిడ్డ నుంచి ఐదేళ్లు దాక్కున్నాడు. అందులో చివరి ఏడు నెలలు అతన్ని దాచింది నేను.